జనాజా దగ్గర ఇచ్చిన మాట

నవంబరు 9

ఇది చదువుతున్నావంటే నువ్వు దొంగవి. నీ చేతిలో కోర్టు కాగితం ఉందో, పక్కన పోలీసు నిలబడ్డాడో నాకనవసరం. ఒక ఆడమనిషి తనకోసం రాసుకున్న పుస్తకాన్ని అలమారాలోంచి తీసి తెరిచావు. దాన్ని నువ్వు జప్తు అనుకో, తనిఖీ అనుకో, ఉద్యోగ ధర్మం అనుకో. మా కొచ్కోర్ ఊళ్ళో దాన్ని దొంగతనమే అంటారు.

నువ్వొస్తావని నాకు తెలుసు. సెప్టెంబరులో మా తమ్ముడు మెదెర్ ఇంటికి నీలాంటివాళ్ళే వచ్చారు. ఇల్లు తీసుకున్నారు, మినీబస్సు తీసుకున్నారు, వాడి పెళ్ళాం అసిల్ బట్టల పెట్టె కూడా తిరగేశారు. అప్పట్నుంచి పిల్లలతో సహా వాళ్ళంతా నా ఇంట్లోనే. అన్నీ అమ్మాక కూడా బాకీ ఇంకా మిగిలే ఉందన్నారు. అప్పు తిన్నది ఎంత, వడ్డీ తిన్నది ఎంత అని అడిగితే “కంప్యూటర్ చెబుతుంది” అన్నారు. ఆ కంప్యూటర్ మెదెర్‌కి రోజూ ఫోన్ చేసేది. మొన్న ఫోన్ చేతిలో ఉండగానే వాడి గుండె ఆగింది.

ఇవాళ మట్టిచేశాం.

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి. రేపటినుంచి ఒక్కొక్కడు ఒక్కోలా చెబుతాడు.

శవం గుడారంలో ఉంది. లోపల ఆడవాళ్ళం గోడకేసి తిరిగి ఏడుస్తున్నాం. బయట మగాళ్ళు జనాజాకి, చివరి నమాజుకి, వరసగా నిలబడ్డారు. సగిన్ ముల్లా గొంతు వినిపించింది.

“మెదెర్ ఎలాంటి మనిషి?”

“మంచివాడు,” అన్నారు అందరూ.

“ఎవరికైనా బాకీ ఉన్నాడా? ఉంటే ఎవరు పూచీ?”

ఇక్కడ అన్నో, కొడుకో, పెదనాన్న కొడుకో ముందుకొచ్చి “నేనున్నాను” అనాలి. అలా అనకపోతే పోయినవాడి ప్రాణం బాకీకి వేలాడుతుందని మావాళ్ళ నమ్మకం. నాకు నమ్మకం లేదు. కానీ నిశ్శబ్దం వినిపించింది. మెదెర్ కొడుకు పసివాడు. ఇక మిగిలింది మా పెదనాన్న కొడుకు తొలొముష్ అన్న. నేను గుడారం తలుపు తెర ఎత్తి చూశాను. కట్టేసిన గుర్రానికి నాడాలు ఎలా ఉన్నాయో తొలొముష్ అన్న శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

ముల్లా రెండోసారి అడిగాడు. అన్న గుర్రం రెండో కాలు చూశాడు.

నేను బయటికొచ్చాను.

“నేనున్నాను. మెదెర్ ఎవరికి ఏం బాకీ ఉన్నా నన్నడగండి. నేను తీరుస్తాను.”

ఒక ముసలాయన గొణిగాడు. “ఆడది జనాజా ముందుకి రావడమేంటి?”

“మగాళ్ళు వెనక్కి పోయారు కదా బాబాయ్, చోటు ఖాళీగా కనబడింది.”

ఆ తర్వాత ఎప్పుడూ జరిగేదే జరిగింది. “నాకు డీజిల్ బాకీ ఉండేవాడు, మాఫీ చేశాను,” అన్నాడొకడు. “నాకో గొర్రెపిల్ల, మాఫీ,” అన్నాడింకొకడు. ఈ ఆచారం బతికి ఉన్నదే అందుకు. ఒకరు పూచీ అంటారు, ఎదుటివాళ్ళు మాఫీ అంటారు, పోయినవాడు తేలికైపోతాడు. నేను పుట్టినప్పటినుంచీ ఇంకోలా జరగడం చూడలేదు.

వెనక వరసలోంచి నల్ల కోటు కుర్రాడొకడు టోపీ తీసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని అన్నాడు: “మా కంపెనీకి కూడా బాకీ ఉంది, ఎజె. తర్వాత మాట్లాడదాం.”

అంతా వెనక్కి తిరిగి చూశారు. ముల్లా మాత్రం నన్ను చూశాడు. పదిహేనేళ్ళ పిల్లలకి నిఖా చదివినందుకు ఈయన్ని పత్రికలో నా వ్యాసాల్లో ఎన్నిసార్లు ఉతికి ఆరేశానో. ఆయన నమాజు మొదలుపెట్టాడు.

నవంబరు 12

నల్ల కోటు కుర్రాడి పేరు బెక్తుర్. రొట్టె తీసుకుని వచ్చాడు. రొట్టెతో గుమ్మంలో నిలబడ్డవాణ్ణి బయట నిలబెట్టి పంపడం మాకు చేతకాదు. ఆ సంగతి వాడికి ట్రైనింగులో చెప్పి ఉంటారు. టీ పోశాను.

“మీ మాట గొప్ప మాట, ఎజె.”

అప్పు వసూలుకొచ్చినవాడికి నేనెప్పుడు ఎజెనయ్యాను, అక్కనయ్యాను?

“జనాజా దగ్గర ఎవరో తీసిన వీడియో చూసి మా మేనేజరు, ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారా అన్నారు. ఆ మాటే కాగితం మీద పెడితే...”

“మగాడు ఇచ్చిన మాటకైతే సంతకం అడిగేవాడివా?”

“మగాడైతే ఈపాటికి రష్యా బస్సెక్కేవాడు, ఎజె. మీరు కాబట్టే ధైర్యంగా వచ్చాను.”

నవ్వాను. అవును, నవ్వాను. సంతకం పెట్టాను.

ఎందుకు పెట్టానంటే, ఇచ్చిన మాట మాటే కాబట్టి. పెట్టకపోతే ‘చూశారా, ఆడదాని మాట’ అంటారు కాబట్టి. ఇంకో ఇద్దరు ముగ్గురి దగ్గర సర్దుబాటు చేసుకుని మెల్లగా కట్టేయొచ్చు కాబట్టి. అసిల్ వంటింట్లోంచి చూస్తోంది కాబట్టి.

ఇల్లు పోదు.

నవంబరు 13

చదవకుండా సంతకం పెట్టలేదు. చదివాను. దాదాపుగా.

నవంబరు 30

నువ్వు అంటావు, నాకు తెలుసు నువ్వేమంటావో. “అప్పు చేసింది మీవాడే కదా, ఎవరైనా తుపాకీ పెట్టారా?” అంటావు.

సరే, వాదించుకుందాం. మెదెర్ మొదటి అప్పు ఎందుకు చేశాడు? మా నాన్న సంవత్సరీకానికి గుర్రాన్ని కోయడానికి. కోయకపోతే ఆసనాలి కొడుకు తండ్రికి గుర్రం పెట్టలేని వెధవ అని కొచ్కోర్ అంతా అనేది. ‘చచ్చినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళని కోయకండి’ అని నేనే వ్యాసం రాశాను. ఆ గుర్రం మాంసం తిన్నవాళ్ళే చదివి బాగుందన్నారు. నేనూ తిన్నాను. రెండో అప్పు మొదటిది కట్టడానికి. మూడోది రెండోది కట్టడానికి. బజారు గేటు పక్కనే కంపెనీ గది, పాస్‌పోర్టు చూపిస్తే టీ చల్లారేలోపు డబ్బు. తుపాకీ ఎందుకు? మా పరువే గుండు పెట్టిన తుపాకీ. అది మా చేతే మా కణతకి పెట్టిస్తే తూటా ఖర్చు కూడా మీకు మిగులుతుంది.

ఇంకోమాట. మాఫీ అనడానికి డీజిల్ అమ్మేవాడికి నోరుంది, గొర్రెలవాడికి నోరుంది. కంపెనీకి నోరు లేదు. ఎంతసేపు ఎదురుచూసినా అది మాఫీ అనదు. చేతులు మాత్రం ఉన్నాయి. అన్నీ నల్ల కోట్లలోనే ఉన్నాయి.

డిసెంబరు 18

కట్టలేకపోయాను. పత్రిక మూతపడ్డాక నాకొచ్చేది పింఛను, పెరట్లో యాపిల్స్. అసిల్ హోటల్లో గిన్నెలు కడుగుతోంది.

ఫోన్లు మొదలయ్యాయి. నాకే కాదు, నాకు తెలిసినవాళ్ళందరికీ. మా పాత ఎడిటర్‌కి, రొట్టెల దుకాణానికి, నా చిన్నప్పటి లెక్కల టీచరుకి. పాపం ఆవిడకి చెవుడు. “సైకాల్ పెళ్ళి చేసుకుంటోందట, ఎవరో కుర్రాడు ఫోన్ చేశాడు,” అని నా గురించి ఊరంతా చెప్పింది.

మెదెర్ పిల్లలు ఫోన్ మోగగానే “అత్త లేదు” అంటున్నారు. నేను పక్కనే ఉంటాను.

డిసెంబరు 23

పశువుల సంతలో తొలొముష్ అన్న ఎదురుపడ్డాడు.

“ఏమ్మా చెల్లెమ్మా, మగాడిలా నిలబడ్డావు కదా. మగాడిలా కట్టు మరి.”

“నువ్వు నిలబడి ఉంటే ఈ అవసరం వచ్చేది కాదన్నా.”

“నేను నిలబడితే నా ఇల్లు పోయేది. నీ తమ్ముడు ఎంత మునిగాడో ఊళ్ళో తెలియనిది నీకొక్కదానికే. రాసేవాళ్ళకి అన్నీ తెలుసంటారు!”

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఒకడు తన గొర్రెకి కూడా వినిపించాలన్నట్టు దాని చెవి నిమిరాడు.

ఇల్లు పోదు. ఈ వీధిలో ఆడదాని పేరుమీద ఉన్న ఇల్లు ఇదొక్కటే. నా జీతంతో కొన్నాను. రెండు గదులు, ఒక పొయ్యి, యాపిల్ చెట్లు. గేటు మీద నా పేరు రాయించుకున్న రోజున పెయింటర్ అడిగాడు: “అయ్యగారి పేరు చెప్పండి.” “అయ్యగారిని నేనే,” అన్నాను.

జనవరి 14

కోర్టు సమన్లు వచ్చాయి. పూచీ కాగితం మీద దావా వేశారు. జప్తుకి చూపించింది నా ఇల్లే.

లాయరు వెనేరా నా బడి స్నేహితురాలు. ఫీజు వద్దంది. ఇప్పటికీ జడ లాగినట్టే మాట్లాడుతుంది.

“ఒకే దారుందే సైకాల్. వినగానే అరవకు. నువ్వు సంతకం ఎందుకు పెట్టావ్? జనాజా దగ్గర మాట ఇచ్చేశాను, ఆచారం ప్రకారం ఇక తప్పదు అనుకుని పెట్టావ్. అవునా?”

“అవును.”

“కానీ ఆచారం ప్రకారం ఆ మాట మగవాళ్ళే ఇవ్వాలి. ఆడది ఇస్తే చెల్లదు. అంటే నువ్వు పొరపాటు పడ్డావ్. లేని బాధ్యత ఉందనుకుని, దుఃఖంలో, సంతకం పెట్టావ్. అలాంటి కాగితం కొట్టేయించొచ్చు. సగిన్ ముల్లాని సాక్షిగా పిలుద్దాం. ‘ఆడదాని మాట లెక్కలోకి రాదు’ అని ఆయన ఒక్క ముక్క చెబితే చాలు. ఆయనకది ఇష్టమైన పనే కదా.”

“వెనేరా, నేను జీవితమంతా రాసింది...”

“నీ జీవితమంతా రాసింది తాకట్టు పెడితే బజారులో ఎంతిస్తారో కనుక్కో. ఇల్లు కావాలా, మాట కావాలా?”

అరిచాను. బయటికి పొమ్మన్నాను. బూట్లేసుకుంటూ కూడా వాదించింది.

జనవరి 15

ఒప్పుకోను.

జనవరి 16

రాత్రి పిల్లవాడు దగ్గుతున్నాడు. అసిల్ లేచి పొయ్యిలో బొగ్గు వేసింది. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న మనిషి పొయ్యి తలుపు ఎంత మెల్లగా మూస్తుందో.

ఒప్పుకోను.

జనవరి 19

వెనేరాకి ఫోన్ చేశాను.

జనవరి 27

ఇది ఎత్తుగడ. అంతే. ఆడదాని మాట చెల్లదనే వాళ్ళ రాయితోనే వాళ్ళ తల పగలగొట్టడం. గెలిచాక ఇదంతా వ్యాసంగా రాస్తాను. నవ్వుకుంటారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పడటం లేదు కూడా.

అసిల్‌కి చెప్పలేదు. చెప్పాల్సింది ఏముందని.

ఫిబ్రవరి 20

కోర్టు గదిలో హీటర్ పనిచేయడం లేదు. కోట్లతోనే కూర్చున్నాం. జడ్జి తుమ్ముతున్నాడు. బెక్తుర్ నన్ను చూసి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, పాడు మర్యాద.

వెనేరా నా తరఫున చదివింది. “నా కక్షిదారు స్త్రీ. ఆచారం ఆమె మాటకి విలువ ఇవ్వదు. ఉందనుకుని పొరపాటు పడింది.” నేను తల దించుకోలేదు. కిటికీలోంచి కొండ వైపు చూశాను. వెనక బెంచీలో కూర్చున్న అసిల్ తలగుడ్డ కొసతో నోరు మూసుకోవడం మాత్రం అద్దంలో కనిపించింది.

ముల్లా వచ్చాడు. కొత్త కోటు వేసుకున్నాడు.

“జనాజా దగ్గర బాకీకి పూచీ ఎవరు పడాలి?” వెనేరా అడిగింది.

“మగ వారసులు.”

“ఆడది పడితే చెల్లుతుందా?”

ఆయన గడ్డం నిమురుకున్నాడు. జడ్జి తుమ్మి, రుమాలు మడతపెట్టాడు.

“అమ్మా, ఆరోజు మగాళ్ళం చాలామందిమి ఉన్నాం. రెండుసార్లు అడిగాను. ఒక్కడికీ నోరు పెగల్లేదు. ఈమె వచ్చి చెప్పింది. నేను విన్నాను. విన్నాకే నమాజు చదివాను. ఇప్పుడు ఆమె మాట చెల్లదంటే, బాకీ మెడకి కట్టుకున్న మనిషిని నా చేత్తో మట్టిలో పెట్టినట్టు. ఆ మాట నేను చెప్పలేను.”

“ముల్లా గారూ, చెల్లుతుందా చెల్లదా, ఒక్కమాటలో చెప్పండి.”

“నీకు కోర్టులో ఒక్కమాట చాలమ్మా. నాకు అక్కడ మెదెర్ ఉన్నాడు.” అప్పుడు నావైపు తిరిగాడు. “సైకాల్, నామీద నువ్వు రాసినవన్నీ అబద్ధాలే. కానీ ఆరోజు ఇచ్చింది మాటే. నువ్వు చెల్లదనుకున్నా అది చెల్లుతుంది.”

గదిలో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఆడదాని మాటని మాటగా లెక్కపెట్టండని ఇరవై ఏళ్ళు రాశాను. ఒకే ఒక్క మగాడు లెక్కపెట్టాడు. అదీ నేను వద్దని కోర్టుకెక్కాక.

ఫిబ్రవరి 21

అసిల్ నాతో మాట్లాడలేదు. పిల్లలకి అన్నం పెట్టింది. నాకూ పెట్టింది.

ఫిబ్రవరి 22

“వదినా,” అంది చివరికి. “నాకు ఇంక ఇల్లెందుకు? నీ మాట చెల్లదని నువ్వే చెప్పించకుండా ఉంటే చాలేది.”

“పిల్లల కోసమే...”

“పిల్లల పేరు పెట్టకు.”

మార్చి 5

తీర్పు వచ్చింది. పూచీ చెల్లుతుంది. ఇంటిని వేలం వేయొచ్చు.

వెనేరా అప్పీలు అంటోంది. వేయమన్నాను. ఆమె గొంతులో నమ్మకం ఎంతుందో నా చెవికి తెలియదా.

మార్చి 22

వసంతం పండగకి పొరుగింటి వాళ్ళు పిలిచారు. వెళ్ళకూడదనుకున్నాను, వెళ్ళాను. ఇంట్లో ఉంటే గోడలు చూస్తూ కూర్చోవాలి.

ఆడవాళ్ళ వైపు కూర్చోబోయాను. సగిన్ ముల్లా మగాళ్ళు కూర్చున్న భోజనాల గుడ్డ దగ్గర్నుంచి పిలిచాడు. తన పక్కన చోటు చూపించాడు. మాంసం పంచేటప్పుడు తుంటి ఎముక నా ముందు పెట్టించాడు. అది వరసలో పెద్ద మగాడికి పెట్టే ముక్క. ఎదురుగా తొలొముష్ అన్న పళ్ళెంలో పక్కటెముక పడింది. దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గుర్రం కాలు చూసినట్టే చూశాడు.

“మాట నిలబెట్టుకున్నవాళ్ళ ముక్క ఇది,” అన్నాడు ముల్లా అందరూ వినేలా.

నేను నిలబెట్టుకోలేదు. కోర్టే నిలబెట్టింది. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

గొంతు దిగలేదని రాస్తే బాగుండేది. దిగింది. మాంసం మెత్తగా ఉడికింది. మూలుగ కూడా పీల్చాను.

ఇంటికొచ్చేటప్పుడు ముల్లా గేటు వరకూ వచ్చాడు. “మసీదులో చందా అడిగాను. నీ అప్పు కంపెనీది కాబట్టి ఎవరూ వేయలేదు. వేసినదంతా కంపెనీకే పోతుందన్నారు. వాళ్ళదీ నిజమే.”

“మీరు ఆ ఒక్కముక్క చెప్పి ఉంటే ఇల్లు మిగిలేది కదా?”

“మిగిలేది.”

“మరి?”

“నువ్వయితే చెప్పేదానివా?” అని అడిగాడు.

నేను లాయరు చేత చెప్పించాను. ఆ సంగతి ఆయన ముఖం మీద అనలేదు, మర్యాదస్తుడు.

ఏప్రిల్ 8

అప్పీలు పోయింది.

ఏప్రిల్ 15

మెదెర్ కోసం ప్రార్థన చదవడానికి ఒకరు వచ్చారు. బెక్తుర్. టోపీ తీశాడు, రొట్టె తేలేదు. ఉద్యోగం మానేస్తున్నాడట, వాడి అన్న కూడా అదే కంపెనీకి బాకీ పడ్డాడట. “ఏం చేయాలి, ఎజె?” అని నన్నడిగాడు. నన్ను!

“జనాజాలకి వెళ్ళకు,” అన్నాను. నవ్వలేదు వాడు.

ఏప్రిల్ 20

కోర్టు అమీనా నుంచి ఫోన్. ఆడగొంతు. చిన్నపిల్ల.

“ఎజె, ఎల్లుండి ఉదయం వస్తాను. సామాను జాబితా రాసి, ఇల్లు సీలు వేయాలి.” ఫోన్ పెట్టేయలేదు. “మీ వ్యాసాలు చదివి పెరిగాను. ఆడవాళ్ళు చేయకూడని ఉద్యోగం లేదని రాశారు కదా. మా నాన్న వద్దన్నా అందుకే ఇందులో చేరాను.”

“మంచిది, తల్లీ,” అన్నాను. ఇంకేం అంటాను? రాసింది నేనే.

అసిల్ పుట్టింటికి, తోక్మోక్‌కి వెళ్తోంది. పిల్లల మంచాలు నిన్న బండిలో వెళ్ళాయి. నన్నూ రమ్మంది. చూస్తానన్నాను. వెళ్ళను. ఎక్కడికి వెళ్తానో తెలియదు గానీ, అక్కడికి మాత్రం వెళ్ళను. కంపెనీ నా వెనకే వచ్చిందంటే, ఆ పిల్లలకి ఇంకో ఇల్లు పోవడం చూపించలేను.

ఏప్రిల్ 21

కాబట్టి, ఇది చదువుతున్నది నువ్వేనమ్మా. మొదటి పేజీలో దొంగ అన్నాను. వెనక్కి తీసుకోను. కానీ నీ నాన్న వద్దన్నా వచ్చావు కదా, ఆ మాట కూడా ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

బతుకంతా డిమాండ్ల జాబితాలు రాశాను. ప్రభుత్వాలకి, మంత్రులకి, మసీదులకి. ఒక్కటీ నెరవేరలేదు. అలవాటు పోదు. ఇవి నీకు:

1. బూట్లు గుమ్మం బయట విడు. సీలు వేసేదాకా ఇది ఇల్లే.

2. రొట్టె బల్లమీద పెట్టాను. లోపలికి రాగానే ఓ ముక్క తుంచుకో. తర్వాత నీ పని చూసుకో.

3. గోడకున్న తెల్ల టోపీ మెదెర్‌ది. జాబితాలో రాయకు. అసిల్ మర్చిపోయి వెళ్ళింది, పంపించు.

4. యాపిల్ చెట్లు పూతమీద ఉన్నాయి. ఎవరు కొన్నా కాయలు కోసేదాకా నరకొద్దని చెప్పు.

5. గేటు మీది పేరు నువ్వే నీ చేత్తో చెరుపు. మగాడి చేత చెరిపించకు.

6. యజమాని అన్నచోట నా పేరే రాయి: ఆసనాలి కూతురు సైకాల్. బాకీ ఎవరిదన్నచోట కూడా.

7. తాళం వేశాక గేటు దగ్గర నిలబడి, పైకి, ఎవరికైనా వినిపించేలా ‘మెదెర్ బాకీ తీరింది’ అని చెప్పు. వాడు వింటాడని నేను నమ్మను. అయినా చెప్పు.